పాల మీద పలకలు

పాల మీద పొర కడుతోంది. చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. పెదవికి తగిలి, నాలుక మీద తడి గుడ్డలా పరుచుకునే ఆ మీగడ నాకు మనిషి చర్మంలాగే ఉంటుంది. ఇవాళ గిన్నె పెద్దది. మా చర్చి సంఘం వాళ్ళది, విందులకు వాడేది, అడుగు నలుపెక్కిపోయింది, చెవుల కింద ఎవరో ఎప్పుడో వండిన కూర పసుపు ఇంకా పట్టుకునే ఉంది. రెండుసార్లు తోమినా పోలేదు. అందులోనే పాలు పోశాను. హాల్లో కూర్చున్న వాళ్ళందరికీ టీ ఇవ్వాలి. టీ అయ్యేలోగా నన్ను పిలుస్తారు. పిలిస్తే ఈ గరిటె పక్కన పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, హాల్లోకి వెళ్ళి నిలబడి ఒక్క మాట చెప్పాలి. మా అత్తమ్మ రెబెక్కమ్మ రెండేళ్ళుగా మంచం దిగలేదు, దానికి నేనే సాక్షిని అని. ఆ మాట చెబితే పోయిన ఆదివారం భూమి కదిలినప్పుడు ఆమె లేచి నడవడం దేవుడు చేసిన అద్భుతం అవుతుంది. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. మా బావగారు జ్ఞానప్రకాశం తల్లిని తన ఊరు విడవలూరు తీసుకుపోతారు, సభల్లో నిలబెడతారు. నేను సోమవారం నుంచి మళ్ళీ బడికి పోయి పాఠాలు చెప్పుకోవచ్చు. ఇందులో నష్టపోయేవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేదు. అయినా ఈ గరిటె పక్కన పెట్టబుద్ధి కావడం లేదు.

హాల్లో పాట మొదలైంది. బావగారి గొంతు అందరికంటే పైన ఉంది, ఎప్పుడూ ఉండేదే. చప్పట్లకు గోడకు తగిలించిన గిన్నెల స్టాండు కొద్దిగా అదురుతోంది, పళ్ళేలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. ఆ ఆదివారం కూడా ఇవే మోగాయి. మధ్యాహ్నం అన్నాలు తిని, పళ్ళేలు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటున్నాను. బోర్లించిన పళ్ళేలు వాటంతట అవి గలగలలాడాయి. ముందు గదిలో పడుకున్న మా ఆయన సుశీల్ లేవకుండానే, "శ్రీహరికోటలో రాకెట్టు ఇడిచినారేమోనే," అన్నాడు. రాకెట్టు ఇంత దూరం వినబడుతుందా అని నేను అనబోతుంటే కాళ్ళ కింద నేల ఒక్కసారి పక్కకు జరిగినట్టు అయింది. జరిగింది నిజంగానే. ట్యూబులైటు ఊగింది. మా ఆయన బయటికి ఉరికాడు, వీధిలో అందరూ అరుస్తున్నారు. నేను వీధిలోకి పోలేదు, అత్తమ్మ గదిలోకి పోయాను. ఎత్తాలి కదా. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద, రెండేళ్ళ అలవాటు అది, నా నడుముకు నాకంటే ముందు తెలుసు. వంగాను. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి గడపలో పడి ఉంది. ఈమె ఏమైపోయిందని నేను మంచం కింద కూడా చూశాను, అంత తెలివితక్కువదాన్ని. బయటికి వస్తే వీధికి అవతలి పక్క, మురుగు కాలవ దాటి, కొబ్బరి చెట్టు కింద అత్తమ్మ నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపుకుని, రెండు కాళ్ళ మీద. అటు పక్కింటి మస్తానమ్మ, అదురు ఆగిపోయాక కూడా భూమిని చూడకుండా అత్తమ్మ కాళ్ళనే చూస్తోంది. "మీ అత్త కాలవ ఎగిరి దూకింది గదక్కా," అంది నాతో మెల్లగా. "నేను చుట్టూ తిరిగొచ్చినా."

అప్పుడు నవ్వు రాలేదు. ఇప్పుడు పాలు కలుపుతుంటే వస్తోంది, వచ్చి గొంతులోనే పులిసిపోతోంది. కలిపితే పొర చిరుగుతుంది, ఆపితే మళ్ళీ కడుతుంది. తొమ్మిదో తరగతికి భూమి పాఠం నేను పాలతోనే చెప్పేదాన్ని. ల్యాబులో స్టవ్ వెలిగించి గిన్నె పెడితే పిల్లలు చుట్టూ మూగేవాళ్ళు. చూడండి, మధ్యలో వేడెక్కిన పాలు పైకి వస్తాయి, వచ్చి పక్కలకు పాకుతాయి, పైనున్న పొరను కూడా తమతో లాక్కుపోతాయి. నడిమధ్య పొర చీలుతుంది. చీలిన చోట అడుగునుంచి వచ్చిన పాలు మళ్ళీ పొర కడతాయి. మహాసముద్రాల అడుగున కూడా ఇట్లాగే పొడుగాటి చీలికలు ఉంటాయి, లోపలి నుంచి కరిగిన రాయి వచ్చి గట్టిపడి కొత్త నేల అవుతుంది. ఇటు గిన్నె అంచు దగ్గర చూడండి, పొర ముడత పడుతోంది, ఒక ముక్క ఇంకోదాని కిందికి దూరుతోంది. భూమి పలకలు కూడా కలుసుకున్న చోట ఇదే చేస్తాయి. ఏది బరువైతే అది కిందికి పోతుంది. సముద్రపు నేల బరువు, అది పోతుంది. రెండూ ఖండాలే అయితే కిందికి పోమని రెండూ మొండికేస్తాయి, మధ్యలో కొండలు లేస్తాయి. మనం కూర్చున్న ఈ బోగోలు, కావలి, నెల్లూరు, ఈ ఇసక, ఈ రొయ్యల గుంటలు, అన్నీ ఒకే పలక మీద ఎక్కి ఉత్తరానికి పోతున్నాయి, పోయి హిమాలయాలను ఇంకా పైకి నెడుతున్నాయి అంటే వెనక బెంచీలో ఎవరో ఒకరు కాళ్ళు పైకెత్తుకుని కూర్చునేవాళ్ళు, అందరూ నవ్వేవాళ్ళు. ఎంత స్పీడులో పోతున్నాం మేడమ్ అని అడిగేవాళ్ళు. గోరు పెరిగేంత స్పీడులో అని చెప్పేదాన్ని. అందరూ తమ గోళ్ళు చూసుకునేవాళ్ళు.

గోళ్ళు. ఈ రెండేళ్ళలో నేను ఆమె గోళ్ళు ఎన్నిసార్లు తీశానో. కాలి బొటనవేలి గోరు పసుపుపచ్చగా, మందంగా, ఆల్చిప్ప లాగా ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి తీయాలి. తీస్తుంటే గోరు ఎగిరి నా చీర మీద పడేది, ఒకసారి పెదవి మీద పడింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నోరు కడుక్కోవాలనిపిస్తుంది. గోరు తీశాక అరికాళ్ళు తుడిచేదాన్ని. అరికాళ్ళ పగుళ్ళలో నల్లగా మట్టి ఉండేది. ఎంత తుడిచినా మళ్ళీ వారానికి ఉండేది. పడుకునే ఉండే మనిషి అరికాళ్ళకు మట్టి ఎక్కడిదని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. తోచలేదా, తోచి పక్కకు తోసేశానా. వీపు మీద ఒక్క పుండు లేదు. డాక్టరమ్మ చూసి, ఇంత కాలం మంచంలో ఉన్న మనిషికి ఒంటి మీద ఒక్క పుండు లేదంటే కోడలు ఎంత బాగా చూసుకుంటోందో అంది, నేను పొంగిపోయాను. పాలలాగే పొంగిపోయాను. నేను కూరగాయలకు పోయినప్పుడు ఆమె లేచి తిరిగేది కాబోలు. కిటికీ దగ్గర నిలబడి వీధి చూసేదేమో. బెల్లం డబ్బా మూత ఒక్కోసారి వంకరగా ఉండేది, మా ఆయన తిన్నాడని ఆయన్ని తిట్టాను. ఇదంతా సరే. లేచి తిరగనీ, బెల్లం తిననీ. కానీ బాత్రూము నాలుగు అడుగుల దూరంలో ఉంది. నడవగలిగిన మనిషి, ఆ నాలుగు అడుగులు నడవకుండా, మంచంలోనే పోసి, నా రాక కోసం ఎదురుచూసి, నేను ముక్కు బిగబట్టి పక్క గుడ్డ లాగి తుడుస్తుంటే గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకునేది. ఆ వాసన నా వేళ్ళ సందుల్లో అన్నం కలిపేటప్పుడు కూడా ఉండేది. డెట్టాలు, పౌడరు, దాని కింద ఆ వాసన. పోయిన ఆదివారం నుంచి నేను అన్నం చెంచాతో తింటున్నాను.

పాట ఆగింది. బావగారు మాట్లాడుతున్నారు. "నేను ఆ రోజే సుశీలుకి ఫోన్ చేసి చెప్పినా, ఇది మామూలు కదలిక కాదు, మన అమ్మ కోసం దేవుడు భూమినే కదిలించినాడు అని." హాల్లో స్తోత్రం అన్నారు. అమ్మ ఒక్కతి కోసం ఇన్ని ఊళ్ళు అదరగొట్టాలా అని ఎవరూ అడగరు. అడిగితే నేను చెప్పగలను. అంచు ఎక్కడో దూరంగా ఉంటుంది, అక్కడి తోపుడు మాత్రం పలకంతా పాకుతుంది, నడిమధ్య ఎక్కడైనా పాత పగులు ఉంటే అక్కడ కాస్త జారుతుంది, అప్పుడు మనకు పళ్ళేలు మోగుతాయి. ఈ మాటే పోయిన బుధవారం మా ఆయనకు చెప్పాను. "నువ్వు చదువుకున్నదానివి, నీకు అట్టా ఉంటాది," అన్నాడు, చొక్కా తొడుక్కుంటూ. ఆయన రొయ్య పిల్లల హేచరీలో పని చేస్తాడు, ఇంటికి వచ్చినా ఉప్పు నీళ్ళ చప్పటి వాసన వస్తుంది ఆయన దగ్గర. కాలవ దూకిన తల్లిని ఆయన కూడా చూశాడు. చూసి నా వైపు చూడలేదు. అప్పటి నుంచీ చూడటం లేదు. రెండు పలకలు పక్కపక్కనే ఒరుసుకుంటూ చెరో దిక్కుకు జారిపోయే అంచు ఒకటి ఉంటుంది. అక్కడ కొత్త నేల పుట్టదు, పాతది పోదు, కొండలు లేవవు. ఒరుసుకోవడమే. పిల్లలకు ఆ అంచు బొమ్మ వేయడం చాలా సులువు, ఒక గీత గీసి అటొక బాణం ఇటొక బాణం. గీసి చెరిపేసేదాన్ని. ఆయన ఇప్పుడు కూడా హాల్లో చాప మీద అన్న పక్కన కూర్చుని చప్పట్లు కొడుతూ ఉంటాడు, వంటింటి తెరలోంచి చూడకుండానే నాకు తెలుసు.

మంట తగ్గించాను. బాగా తగ్గించాను, ఇప్పుడే పొంగితే చక్కెర వెయ్యలేదు, టీ పొడి వెయ్యలేదు. తెర పక్కకు జరిపి చూస్తే ఆమెను నడిపిస్తున్నారు. తెల్లచీర కట్టించారు, అది నాదే, నా మంచి చీర, అడగలేదు కూడా. కుర్చీ నుంచి బల్ల దాకా ఒకసారి, బల్ల నుంచి కుర్చీ దాకా ఒకసారి. "నడువమ్మా, అందరూ చూడాల," అంటున్నారు బావగారు, సంతలో దూడను కొనేవాళ్ళకు నడిపించి చూపించినట్టు. గోడకు ఫ్లెక్సీ బ్యానరు చుట్ట ఆనించి ఉంది. అది విప్పి చూపించారు సాయంత్రం వచ్చీ రాగానే. భూకంపములో లేచిన తల్లి అని పెద్ద అక్షరాలు, కింద అత్తమ్మ ఫోటో, పక్కన ఆమెకంటే పెద్దగా బావగారి ఫోటో. విడవలూరు సభకు పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తారట. నా సాక్ష్యం లేకపోతే కుదరదట. "నీ కోడలే కదమ్మా అన్నీ చేసింది, ఆమె చెప్తేనే నమ్ముతారు," అని పాస్టరుగారు అన్నారు, ఆయన మంచివాడే, నమ్మాడు, ఆయన కళ్ళల్లో నిజంగా నీళ్ళు ఉన్నాయి. ఆయన్ని చూస్తే అసహ్యం వెయ్యదు. బావగారిని చూస్తే వేస్తుంది, ఆయన నూనె రాసిన జుట్టు, ఆయన కోసం వేరుగా తెచ్చుకున్న తెల్ల తువ్వాలు. ఆయన భార్య మగ్దలీనమ్మక్క రాలేదు. అత్తగారి కోసం గది సర్దుతోందట.

అత్తమ్మ మూడోసారి నడుస్తూ బల్ల దగ్గర ఆగలేదు. ఆగకుండా ఇటు వంటింటి వైపు వచ్చేసింది. అందరూ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు, చెప్పకుండానే ఎక్కువ నడిచిందని. తెర పట్టుకుని, నాకు ఎదురుగా నిలబడింది. వారం నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆమె నోటి నుంచి పొద్దున తిన్న పచ్చడి వాసన వచ్చింది, నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

"నా మంచం తీసేసినారా మే?" అంది.

"మడిచి గోడకి పెట్టినారు."

ఆమె గిన్నెలోకి చూసింది. మీగడ అంటే ఆమెకు ప్రాణం. మంచంలో ఉన్నన్నాళ్ళూ నేను మొహం తిప్పుకుని గరిటెతో మీగడ తీసి ఆమె నోట్లో పెట్టేదాన్ని. ఇప్పుడు అటు చూసింది గానీ ఆ చూపులో ఆశ లేదు.

"మేత బస్తాలు ఇంకా ఆ గదిలోనే ఉండాయంట," అంది. "నేను పోయినాక తీస్తారంట."

"రా అమ్మా, ఇట్టా రా," అని హాల్లోంచి పిలుపు వచ్చింది. ఆమె తిరిగి వెళ్ళిపోయింది. కుడి కాలు కొద్దిగా ఈడుస్తోంది. ఆదివారం కాలవ దూకినప్పుడు ఈడ్వలేదు.

మేత బస్తాలు. ఆ వాసన నాకు ఎక్కడో ముక్కు వెనక అంటుకుని ఉంది, ఆమె ఆ మాట అనగానే లేచింది. ఇద్దరు కొడుకులు వంతులు వేసుకున్నారు, ఈ నెల ఇక్కడ, వచ్చే నెల విడవలూరులో. మామగారు పోయిన ఏడే మొదలైంది. నెల మొదట్లో ఆటో వచ్చేది, సంచి, దిండు, మందుల కవరు, ఆమె. అటు నుంచి తిరిగి వచ్చిన రోజు ఆమె చీరల నుంచి ఒక కంపు వచ్చేది. ఎండు చేపను పొడి చేసి, దానికి ఏదో మందు కలిపి, ముక్కబెట్టినట్టు. ఆమె శుభ్రం లేని మనిషి అనుకున్నాను నేను. ఆ చీరలు వేళ్ళ చివర్లతో ఎత్తి, వేరే బకెట్లో వేసి, కర్రతో అదిమి నానబెట్టేదాన్ని, మా బట్టల్లో కలవనిచ్చేదాన్ని కాదు. తలంటితే జుట్టులోంచి కూడా అదే. ఆ కంపు ఏమిటో తెలియని దాన్నా నేను. ఈ ఊళ్ళో ప్రతి గుంట గట్టు మీదా ఉంటుంది అది, మా ఆయన చొక్కాల మీద కూడా పల్చగా ఉంటుంది. రొయ్యల మేత. బావగారికి గుంటలు ఉన్నాయి, మేత బస్తాలు పేర్చుకోవడానికి ఇంటి వెనక గది ఉంది, కిటికీ లేని గది, తేమ తగిలితే మేత పాడవుతుందని తలుపు మూసే ఉంచుతారు. అమ్మ మంచం ఆ గదిలో. బస్తాల మధ్య. తలుపు మూసి. నెల. ఆ నెల పోయాక ఇంకో నెల ఇక్కడ, మళ్ళీ అక్కడ. ఆమె నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే నేనేం చేసి ఉండేదాన్ని. ఆటో ఎప్పుడు వస్తుందా అని నేను కూడా క్యాలెండరు వైపు చూసేదాన్ని కదా.

రెండేళ్ళ కిందట, ఆటో రావలసిన రోజు పొద్దున్నే ఆమె బాత్రూములో పడింది. ఎముక విరగలేదని ఎక్స్‌రేలో వచ్చింది. అయినా కాలు కింద పెట్టలేను అంది. నడుం పట్టేసింది అన్నాం, నరం అన్నాం, పెద్ద వయసు అన్నాం. మంచంలో పోసుకునే మనిషిని ఆటోలో ఎక్కించుకోవడానికి బావగారు ఇష్టపడలేదు, పాపం అమ్మకి కుదుపులు పడవు, ఈడే ఉండనీ అన్నారు. అంతే, వంతులు ఆగిపోయాయి. పలకల అంచులు కొన్ని చోట్ల ఇట్లాగే పట్టుకుపోతాయి. రాతికి రాయి బిగుసుకుని కదలవు. పైనుంచి చూస్తే అక్కడ ఏమీ జరగడం లేదు, ఏళ్ళ తరబడి నిద్రపోతున్నట్టే ఉంటుంది. వెనకున్న పలక మాత్రం ఆగదు, తోస్తూనే ఉంటుంది, రాయి విల్లులా వంగుతూనే ఉంటుంది. జారే రోజు వచ్చినప్పుడు అన్నేళ్ళ కదలిక ఒక్క గుక్కలో జారిపోతుంది. సుమత్రా పక్కన సముద్రపు అడుగు అట్లా జారినప్పుడే కదా సునామీ లేచి ఇక్కడ మా తీరంలో పడవలు ఇళ్ళ మీదికి వచ్చింది. పిల్లలకు ఈ భాగం చెప్పేటప్పుడు నేను స్కేలు వంచి చూపించేదాన్ని, వంచి వంచి వదిలేస్తే టప్పున కొట్టేది. రెండేళ్ళు బిగబట్టుకుని పడుకున్న మనిషి పళ్ళేలు మోగగానే వదిలేసింది. చావు భయం ముందు అబద్ధం నిలవలేదు. పరిగెత్తింది. పరిగెత్తాక కొబ్బరి చెట్టు కింద నిలబడి తన కాళ్ళను తాను చూసుకుంది, నేను చూశాను ఆ చూపు, ఏదో చెయ్యకూడనిది చేసి పట్టుబడ్డట్టు. నేను దాన్ని సిగ్గు అనుకున్నాను. అది సిగ్గు కాదు. ఆటో గుర్తొచ్చింది ఆమెకు.

మంచంలో పోసుకోకపోతే ఎవరూ నమ్మరు. అది ఆమె లెక్క. ఒక మనిషి తన మలంలో తాను పడుకోవడానికి ఒప్పుకుందంటే, అంతకంటే అసహ్యమైనది ఏదో చూసి ఉండాలి. ఇది నాకు ఇప్పుడు అర్థమైంది, పాల ముందు నిలబడి, చక్కెర డబ్బా చేతిలో పట్టుకుని. అర్థమైతే ఏమైంది. నా వేళ్ళ సందుల్లోంచి ఆ వాసన పోయిందా. ఆమె మీద జాలి వస్తుందేమో అని చూస్తున్నాను, రావడం లేదు. వచ్చేది కోపం కూడా కాదు. నన్నేమీ అడక్కుండా, నా చేతులను తన అబద్ధానికి ఒక పక్క గుడ్డలా వాడుకుంది, నా బడి పోయింది, నా నడుము పోయింది. అటు పెద్దకొడుకు తల్లిని బస్తాల మధ్య పెట్టి, ఇప్పుడు తెల్లచీర కట్టి ఊరేగిస్తాడు. సభ అయ్యాక ఆమె ఎక్కడ పడుకుంటుంది. నేను చదివాను, పలకను కింద వేడి పాకి తోయడం కంటే, కిందికి మునిగిపోయే అంచు బరువే ఎక్కువ లాగుతుందట, వెనకున్న పలక మొత్తాన్ని తనతో లోపలికి లాక్కుంటుందట. బావగారు మునిగే అంచు. ఆయన మునిగిపోతూ తల్లిని లాగుతాడు, తమ్ముణ్ణి లాగుతాడు, ఇప్పుడు నా నోటి మాటను కూడా లాగుతున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ పొద్దున ఫోన్ చేసింది. సోషల్ టీచరు మానేసింది, సోమవారం నుంచి వస్తావా కరుణా, రాత్రికి చెప్పు, లేకపోతే వేరేవాళ్ళను చూసుకుంటాం అంది. రాత్రికి చెబుతానన్నాను. ఒక్క మాట. అవును, మంచం దిగలేదు, నేను చూశాను. ఆ మాటలో సగం నిజమే, నేను చూసింది అదే కదా. చెప్పి వచ్చేస్తే నా ఇల్లు నాది. ఆ గది కడిగి ఫినాయిలు పోసి, కిటికీలు తీసి పెడతాను. మేత గది తలుపు ఎవరో మూస్తారు, నేను కాదు.

"కరుణా, రా తల్లీ, సాక్ష్యానికి," అన్నారు బావగారు.

చక్కెర డబ్బా మూత పెట్టాను. మంట కట్టెయ్యలేదు, సన్నగానే ఉంది కదా అనుకున్నాను. కొంగు తల మీదికి లాక్కుని తెర దాటాను. అందరూ చాపల మీద, నా వైపు తిరిగి ఉన్నారు. మస్తానమ్మ మా సంఘం కాదు, అయినా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది, తమాషా వదులుకోదు. మా ఆయన చాప అంచు పీకుతున్నాడు. అత్తమ్మ కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది, నేను పక్క గుడ్డ మార్చేటప్పుడు మూసుకున్నట్టే. ఈ కళ్ళు ఇంకెక్కడా, ఆ మేత గదిలో కూడా, మూసుకోకూడదు అనిపించింది. నా ఎదుట తెరిచి చూడాలి.

"అందరికీ వందనాలు," అన్నాను. "మా అత్తమ్మకి నడక వచ్చు. పోయిన ఆదివారం వచ్చింది కాదు. ముందు నుంచీ వచ్చు."

పాస్టరుగారు అర్థంకానట్టు తల ముందుకు వంచారు.

"రెండేళ్ళు ఆమె పడుకుంది, నేను ఎత్తినా, తుడిచినా. కాలు లేక పడుకోలేదు. బావగారి ఇంట్లో రొయ్యల మేత బస్తాల గదిలో, తలుపు మూసి, ఆమె మంచం వేసినారు. ఆడికి పోలేక పడుకుంది."

"కరుణా," అన్నారు బావగారు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు మొహం మీద, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంది. "దేవుని సన్నిధి ఇది. ఏం మాట్లాడతా ఉండావు?"

"అందుకే ఈడ చెప్తా ఉండా. కాదంటే అత్తమ్మ చెప్పనీండి."

అత్తమ్మ కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, ఆ చూపులో దండం లేదు, నేనూ ఆశించలేదు. ఇంత మందిలో తన బట్ట లాగేశానని కూడా ఉంది ఆ చూపులో. తర్వాత పెద్దకొడుకు వైపు తిరిగింది.

"కిటికీ పెట్టిస్తానన్నావు అబ్బయ్యా," అంది. "ప్రతి వంతుకీ అన్నావు."

బావగారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. చెమట లేదు అక్కడ. గుమ్మం దగ్గర మస్తానమ్మ ఎవరితోనూ కాకుండా, "అనుకున్నా, కాలవ అంత సులువుగా దూకితే," అంది. ఎవరో నవ్వాపుకున్నారు.

"ఆమె యాడికీ రాదు బావగారూ," అన్నాను. "వంతులు లేవు ఇంక. ఈ ఇంట్లోనే ఉంటాది, మంచం మీద మాత్రం కాదు. సోమవారం నుంచి నేను బడికి పోతా ఉండా. ఇంటి పని ఆమె చూసుకుంటాది." మా ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఆదివారం తర్వాత మొదటిసారి. నేను ఆయన వైపు చూడలేదు.

అప్పుడు వాసన వచ్చింది. పాలు మాడే వాసన, పొంగి స్టవ్ మీద పడి మంటలో కాలే వాసన. మనిషి చర్మం కాలితే ఇట్లాగే ఉంటుందని నా మనసు ఎప్పుడూ చెప్పే మాట మళ్ళీ చెప్పింది. నా కాళ్ళు అలవాటుగా వంటింటి వైపు తిరిగాయి. ఆపాను. నిలబడ్డాను. వాసన ఎక్కువైంది. అత్తమ్మ నా వైపు చూసింది, నేను కదలకపోవడం చూసింది, కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హాలంతా చూస్తుండగా, కాలు ఈడ్చకుండా, గబగబా, నా పక్కనుంచే వంటింట్లోకి పోయింది.

నేను తెర దగ్గర నిలబడి చూశాను. గ్యాసు కట్టేసింది. పాలు స్టవ్ మీంచి గట్టు మీదికి, గట్టు మీంచి నేల మీదికి కారుతున్నాయి. మీగడ ముక్కలు ముక్కలుగా గిన్నె చెవులకు, పొయ్యి చుట్టూ అంటుకుని నల్లబడుతున్నాయి. ఆమె గిన్నె అంచున వేలాడుతున్న పొరను రెండు వేళ్ళతో తీసింది. నోట్లో పెట్టుకుంటుందేమో అని నేను మొహం తిప్పుకోబోయాను. పెట్టుకోలేదు. పక్కనున్న సింకులోకి విదిలించింది. తుడవడానికి అటూ ఇటూ చూసింది.

"గుడ్డ యాడ పెడతావు మే?" అంది, నా వైపు తిరగకుండా.

"సింకు కింద ఉంటాది అత్తమ్మా," అన్నాను. "వంగి తీసుకోండి."

ఆమె వంగింది.